కుసుమ పేరున కొన్న కారు

దేవీప్రసాద్ ఏది కొన్నా భార్య పేరునే కొనేవాడు. కుసుమకుమారి కాపురానికి వచ్చాకే స్టీల్ ప్లాంట్‌లో తన ఉద్యోగం పర్మనెంట్ అయిందని, ఆ చెయ్యి అంత మంచిదని ఆయనకు గట్టి నమ్మకం. దువ్వాడలో ఇల్లు ఆమె పేరున, గ్యాస్ కనెక్షన్ ఆమె పేరున, ఆఖరికి కారు కూడా ఆమె పేరునే. డ్రైవింగ్ రాని మనిషి పేరున కారేమిటని షోరూములో కుర్రాడు నవ్వితే, "నాను డ్రైవర్ని బాబూ, ఓనరమ్మ ఈవిడే" అని తనూ నవ్వాడు. కుసుమ సిగ్గుపడి తల దించుకుంది గానీ లోపల పొంగిపోయింది. ఏ ఆడమనిషి పొంగిపోదు?

ఉద్యోగం ప్లాంట్‌లో చేసినా ఆయన ప్రాణమంతా పద్మనాభంలో ఉన్న వరిచేను మీదే. కౌలుకిచ్చిన చేనే. అయినా సెలవు దొరికితే చాలు, కారు అటే తిరిగేది. చేను రోడ్డు పక్కనే ఉండేది. అది దగ్గరపడిందంటే ఆ మహానుభావుడికి ఇక రోడ్డూ లేదు, బండీ లేదు, కళ్ళన్నీ చేలోనే. "ఏటండీ ఇది, రోడ్డు సూడండి!" అని కుసుమ కసిరేది. ఆయన చేను చూస్తున్నంతసేపూ ఆయన బదులు తను రోడ్డు చూసేది. వాళ్ళ కాపురం చాలావరకు అలాగే నడిచింది.

ఆ ఉదయం పద్మనాభం నుంచి దువ్వాడకి తిరిగొస్తున్నారు. "కుసుమా, సూడు సూడు! కంకేసింది!" అన్నాడు దేవీప్రసాద్ చేనుకేసి చూస్తూ. ఎదురుగా వస్తున్న మోపెడ్‌ని కుసుమే చూసింది. ఆమె కేక వేసేలోగా కారు కుడివైపుకి ఒరిగి దాన్ని గుద్దేసింది, ఆపైన కల్వర్టుకి కొట్టుకుంది. చేపల పెట్టె కట్టుకుని ఊళ్ళమీదకి బయల్దేరిన వరహాలు అక్కడికక్కడే పోయాడు. దేవీప్రసాద్ ఆసుపత్రి దారిలో పోయాడు. కుసుమ మిగిలింది. నన్నెందుకు మిగిల్చావురా భగవంతుడా అని ఆమె ఏడవని రోజు లేదు.

దినాలయ్యాక ఉదయ్‌కుమార్ వచ్చాడు. ఎదురింటివాడు, కారుకి పాలసీ చేయించిన ఏజెంటు. కుర్చీ అంచున కూర్చుని, చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

"అక్కా, పాలసీలో ఒక భాగం కారుకి. దెబ్బ తగిలినా, దొంగలెత్తుకుపోయినా ఇత్తారు. ఇంకోటి ఓనర్‌కి. ఓనరే నడుపుతూ పోతే ఇంట్లోవోళ్ళకి వత్తాది. మూడోది థర్డ్ పార్టీ. అంటే మన కారు వల్ల నష్టపోయిన బయటోళ్ళకి."

"మరి మీ బావకి?"

"ఓనర్ బావ కాదు కదక్కా, నువ్వు. ఆ రెండోది నీ పేరునుంది. నువ్వు బండి నడపవు, నీకు లైసెన్సూ లేదు. ఆ ముక్క ఎవరికీ పనికిరాలేదు."

కుసుమ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. కారుకి చోటుంది. తనకి చోటుంది. ముక్కూ మొహం తెలియని మనిషికీ చోటుంది. దగ్గరుండి డబ్బు కట్టిన ఆయనకి మాత్రం లేదు. పిచ్చి మారాజా, నీకంటూ ఏమీ ఉంచుకోలేదేం అని గోడకేసి తల ఆనించి ఏడ్చింది.

కొన్ని నెలలకి కోర్టు నోటీసు వచ్చింది. వరహాలు భార్య పోతమ్మ పరిహారం కోసం కేసు వేసింది, ఇన్సూరెన్స్ కంపెనీ మీదా, ఓనర్ గనక కుసుమ మీదా. చూసినవాళ్ళలో బతికున్నది కుసుమ ఒక్కతే. కంపెనీ లాయరు ఇంటికే వచ్చి, మోపెడే అడ్డంగా దూసుకొచ్చిందని చెబితే చాలన్నాడు.

"అలా చెబితే ఏటవుద్ది?" అని ఉదయ్‌ని అడిగింది.

"తప్పు కారుదని తేలితేనే అక్కా పోతమ్మకి పూర్తిగా వచ్చేది. బావకి లైసెన్సుంది, పాలసీ ఉంది, ఇచ్చేది కంపెనీయే. నీ చేతిలోంచి ఏటీ పోదు."

ఏమీ పోదట! తప్పు కారుదని చెప్పాలన్న మాట విని మరిది ఎల్లారావు మండిపడ్డాడు. "మా అన్న ఎవులికీ కీడు సెయ్యనేదు వొదినా. సచ్చినోడి మీద మచ్చేత్తావా? నీ నోటితో ఆ మాటంటే నీ గుమ్మం తొక్కను." అతని కళ్ళలో నీళ్ళు. అన్న మీద అతని ప్రేమ అబద్ధం కాదు, అదే కుసుమని ఎక్కువ కోసింది.

వాయిదా రోజున కోర్టు వరండాలో పోతమ్మ కనబడింది. కుసుమ దూరంగా ఓ బెంచీ మీద కూర్చుంది. పోతమ్మే వచ్చి పక్కన కూర్చుంది.

"మాయనా పోనాడు, మీయనా పోనాడు. ఎవుల్ని తిట్టను తల్లీ?" అంది.

తిట్టినా బాగుండేది.

లోపల కంపెనీ లాయరు అడిగాడు. "మోపెడ్ ఒక్కసారిగా అడ్డం వచ్చింది కదమ్మా?"

ఎల్లారావు వెనక బెంచీలోంచి చూస్తున్నాడు. కుసుమ అతన్ని చూసింది, పోతమ్మని చూసింది. ఇన్నేళ్ళూ ముద్దుగా కసిరిన అలవాటుని ఇప్పుడు నేరంగా చెప్పాలి. ఆయన పక్షాన మాట్లాడ్డానికి తను తప్ప ఎవరూ లేరు, తనే ఎదురు చెప్పాలి.

"రాలేదండి. మోపెడతను తన పక్కన తాను సరిగ్గానే వొత్తన్నాడు. మా కారే కుడేపుకి పోయింది."

"ఎందుకు పోయింది?" జడ్జిగారు అడిగారు.

"మా సేను కుడేపునుందండి."

కోర్టులో ఎవరికీ అర్థం కాలేదు. ఎల్లారావుకి అయింది. రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

దిగిపొమ్మన్నారు. కుసుమ దిగలేదు. బోను కర్ర పట్టుకుని, ఎవరూ అడగని మాట ఇంకొకటి చెప్పింది.

"కంకేసింది సూడమన్నారండి. రోడ్డు సూత్తన్నాను కదా, నాను సూడనేదండి."