ప్రథమ చికిత్స గదిలో ఫోన్

2022 వేసవిలో తమిళ సీమలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే రాజపాళయంలోని ఒక నూలు మిల్లు నన్ను పిలిచింది. మిల్లులకు నెట్‌వర్క్ సరిచేయడం నా పని. ఒక్కడినే తిరుగుతాను. ఫిర్యాదు కాగితంలో, "ఫస్ట్ ఎయిడ్ గదికి గట్టిగా వినిపించే ఫోన్ కావాలి. నర్సుకు చెవుడు," అని రాసి ఉంది.

మిల్లు వెనక విడిగా ఉన్న ఆ గదిలో సుబ్బలక్ష్మి అక్క ఇరవై ఆరేళ్లుగా నర్సు. ముందు వారం షిఫ్ట్ మారే వేళ, పత్తిని దువ్వే కార్డింగ్ విభాగంలో ఒకతని చేయి యంత్రంలో నలిగింది. గేటు నుంచి ఫోన్‌లో చెప్పింది అర్థంకాక ఆమె వేరే షెడ్డుకు పరుగెత్తింది. గట్టి ఫోన్‌తోనూ వినబడకపోతే నెలాఖరుకు ఆమెను పంపేయాలని మేనేజర్ నిర్ణయించారు.

"మాట తునకలు తునకలుగా వస్తాది తంబీ. మిషన్ల రొద, ఈ సత్తంలో ఇన్నేండ్లు ఉంటిని కదా, చెవి పోయినట్టుండాది," అంది అక్క.

"ఇంట్లో బాగా వినబడతాదా అక్కా?"

"ఇంట్లో నాతో ఎవురు మాట్లాడతారు, తెలిసేదానికి?"

గాజుగుడ్డ మడతపెడుతూ మామూలుగా అంది.

రెండు గంటలకు షిఫ్ట్ మారే వేళ గేటుకు ఫోన్ చేయించి నేనే విన్నాను. నాకూ తునకలే వినిపించాయి.

కొత్తగా పెట్టిన కెమెరాల రికార్డర్ ఆమె గదిని ఆనుకున్న చిన్న గదిలోనే ఉంది. మిల్లంతటి దృశ్యాలూ, ఆమె ఫోన్ మాటలూ ఒకే కేబుల్‌లో వస్తున్నాయి. షిఫ్ట్ మారేటప్పుడు కదలిక ఎక్కువై కేబుల్ నిండిపోతే, దాన్ని నడిపే నెట్‌వర్క్ స్విచ్ అనే పెట్టె మాటలను కూడా జారవిడుస్తోంది. దీనికి మందు క్యూఓఎస్, అంటే ఏది ముందు పోవాలో స్విచ్‌కు చెప్పడం. ఫోన్ తన మాటలకు వేసే గుర్తును స్విచ్ చెరిపేయకుండా మార్చి, ఆ గుర్తున్నవాటిని అన్నిటికన్నా ముందు పోయే ప్రయారిటీ క్యూలో పెట్టాను.

మర్నాడు అదే వేళకు గేటు నుంచి నేనే పిలిచాను.

"స్పిన్నింగ్ రెండో షెడ్డు, ఎడమ వాకిలి."

"స్పిన్నింగ్ రెండో షెడ్డు, ఎడమ వాకిలి." ఆమె ఒక్క మాట పోకుండా తిరిగి చెప్పింది. "అయితే నా చెవి బాగుండాదా తంబీ?"

"బాగుండాది అక్కా. తప్పు లైనుది."

"అందరూ చెవుడనినారు. నేనూ నమ్మినాను." ఆమె ఏడుస్తోంది. ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. నా కోసం ఎదురుచూసేవాళ్లు ఎక్కడా లేరు.

చేయి నలిగినతనికి ఒక వేలు పోయింది. ఆలస్యం నర్సు తప్పు కాదని రిపోర్టులో మొదటి వాక్యంగా రాశాను. మేనేజర్ చదివి, ఆమెను ఉండమన్నారు. క్షమించమని మాత్రం అనలేదు.

ఇప్పుడు ఏ మిల్లుకు వెళ్లినా ఫిర్యాదు కాగితాన్ని అన్నిటికన్నా చివర చదువుతాను. ముందు అక్కడి ఫోన్ ఎత్తి, నా చెవికి ఆనించుకుంటాను.