బండికి కళ్ళు తెరిచిన మునిరత్నాచారి

మా బావ, దారుశిల్పి మునిరత్నాచారి గారు గత గురువారం ఉదయం కాలధర్మం చెందారు. నేను తెలుగు పండితుణ్ణి. మరణవార్త చెప్పడానికి మన భాషలో ఎన్ని గౌరవమైన మాటలున్నాయో ఏళ్ళ తరబడి పిల్లలకు వల్లె వేయించినవాణ్ణి. ఆ ఉదయం మాత్రం వాటిలో ఒక్కటీ నా సాయానికి రాలేదు. మా అక్క కుప్పమ్మ కాఫీ గ్లాసుతో పనిపంచలోకి వెళ్ళి, "ఇదిగో, సల్లారిపోతాది" అని పిలిచిందట. ఆయన గోడకు చేరగిలబడి ఉన్నారు. ఒడిలో చెక్కను నున్నగా రుద్దే ఉప్పుకాగితం ముక్క ఉంది. అక్క కేక విని నేను పరుగెత్తేసరికి చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ముందురోజు సాయంత్రం నాతో గొంతు చించుకుని వాదించిన మనిషి అలా మారుమాట లేకుండా కూర్చోవడం నాకు నమ్మశక్యం కాలేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నప్పుడు కూడా కావడం లేదు.

ఆయన ఎదుట పీట మీద జానెడు పొడవున్న బూడిదరంగు కారు ఒకటి నిలబడి ఉంది. తలుపులు, అద్దాలు, చక్రాలు, స్టీరింగు అన్నీ పూర్తయ్యాయి. ముందరి దీపాలు రెండింటి మీదా మైనం మాత్రం తీయలేదు. ఆ మైనం సంగతి చెప్పాలంటే ఆయన సంగతంతా చెప్పాలి.

ఆయన సత్యవేడు పక్క పల్లెలో పుట్టి, తండ్రి దగ్గర ఉలి పట్టి, పెళ్ళయ్యాక తిరుపతి చేరారు. మా రెండు కుటుంబాలవీ ఒకే వాకిట్లో ఎదురెదురు ఇళ్ళు. తిరుపతి వచ్చిన యాత్రికులు చెక్కబొమ్మ స్వామినీ అమ్మవారినీ కొనుక్కుని వెళ్తారు గదా, ఆ బొమ్మల్లో కనురెప్ప కూడా లెక్కపెట్టగలిగేంత నాజూకైనవి చాలామటుకు మా బావ చేతివి. అయితే ఆయన కీర్తికి ఆ దేవుళ్ళు కారణం కాదని నేను ఢంకా బజాయించి చెబుతాను. టీవీ సీరియళ్ళలో కనబడే కార్లను చూసి, వాటిని అచ్చంగా చెక్కలో దించిన శిల్పి ఈ జిల్లాలో మరొకరు లేరు. అతిశయోక్తి అనుకునేవారు మా వాకిట్లోకి వచ్చి, ఆయన ఆ కార్లు దాచుకున్న అలమార తలుపు తీసి చూసుకోవచ్చు.

మద్రాసు దూరదర్శన్ కేంద్రం బొమ్మలు గాలివాటును బట్టి తిరుపతికి చేరుతున్న కాలంలో నేనొక టీవీ కొన్నాను. మిద్దె మీద కొబ్బరిచెట్టంత గొట్టం, దాని కొసన యాంటెన్నా. అందులో ఒక ఇంగ్లీషు గూఢచారి సీరియల్ వచ్చేది. టోపీ పెట్టుకున్న ఒకాయన పొడుగాటి కారులో తిరుగుతూ నేరస్థులను పట్టుకుంటాడు. ఇంగ్లీషు మా వాకిట్లో ఎవరికీ సరిగా అర్థం కాదు. అందరం కథను ఊహించుకుంటూ చూసేవాళ్ళం. బావకు కథతో పని లేదు. నాయకుడు కారుకు అడ్డంగా నిలబడితే ఆయనకు ఒళ్ళు మండేది. "వాడి మొగం ఎవురికి కావాల? ఒక్క పక్కకు జరగమనప్పా" అని టీవీని మందలించేవారు. ఆ తర్వాత కోపం తమిళంలోకి దిగేది.

కొన్ని వారాలకు ఆయన ఒక ఈనెపుల్ల పట్టుకుని టీవీ ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. శిల్పులకు ముఖమే కొలబద్ద. నుదుటి నుంచి గడ్డం దాకా ఒక తాళం అంటారు. కారు పక్కన నాయకుడు నిలబడగానే బావ చెయ్యి చాచి, ఈనెపుల్ల మీద వాడి ముఖం కొలత గోటితో నొక్కి, ఆ కొలతతో కారు పొడవు, చక్రం ఎత్తు, అద్దం వెడల్పు లెక్కించేవారు. మిగతావాళ్ళకు తెర కనబడేది కాదు. అక్క విసుక్కునేది, నేను విసుక్కునేవాణ్ణి, ఆయనకు వినబడేది కాదు.

ఒకనాడు నా దగ్గరికి వచ్చి, "బామ్మర్దీ, దేవుడికి ధ్యానశ్లోకం ఉండాది. ఏ చేతిలో శంఖం, ఏ చేతిలో చక్రం, అంతా అందులో చెప్పుండారు. ఈ కారుకు శ్లోకం యాడుండాది? నువ్వు పండితుడివి గదా, రాయి" అన్నారు. నేను ఉబ్బిపోయాను. రెండు రోజులు కూర్చుని, నీలమేఘాలనూ గజగమనాన్నీ మేళవించి చక్కటి సీసపద్యం ఒకటి అల్లి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని భక్తిగానే విన్నారు. "బాగుండాది. ఏనుక్కైనా సరిపోతాది. మడ్‌గార్డు యాడబ్బా?" అన్నారు. ఆ పద్యం ఇప్పటికీ నా పెట్టెలోనే ఉంది, మడ్‌గార్డు లేకుండానే.

మొదటి కారుకు పక్కా ఇంత శ్రమ పట్టింది అని లెక్క చెప్పలేను గానీ, ఆ ఏడు మామిడిపళ్ళు మొదలై అయిపోయాయి, అది మాత్రం కాలేదు. చక్రాలకు సైకిలు ట్యూబు, కిటికీలకు ఎక్స్‌రే ఫిల్ము కడిగి తీసిన రేకు, మెరిసే అంచులకు పాలపొడి డబ్బా తగరం. అన్నీ అయ్యాక డ్రైవరునూ చెక్కారు. లోపల కూర్చోబెడితే తల కప్పుకు తగిలింది. కారు కొలత తప్పిందనుకుని కప్పు ఎత్తు పెంచారు. అప్పుడది కారు లాగా కాక పల్లకి లాగా కనబడింది. వీధిలో టీవీ చూసినవాళ్ళందరూ వచ్చి పెదవి విరిచి వెళ్ళారు. ఆఖరికి అక్క ఆ డ్రైవరును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కారు బాగానే ఉణ్ణింది. నువ్వే సెడగొట్టినావు. మనిషే సామి మాదిరుండాడు సూడు" అంది.

నిజమే. పుట్టి బుద్ధెరిగాక ఆయన దేవుళ్ళను తప్ప మనిషిని చెక్కలేదు. దేవుడి నిలువు తొమ్మిది ముఖాలు. ఆ అలవాటున చెయ్యి గూఢచారికి కూడా తొమ్మిది ముఖాల నిలువు ఇచ్చేసింది. బావ ఆ బొమ్మను ఈనెపుల్లతో కొలుచుకున్నారు. ఆ తర్వాత ఉలి కింద పెట్టి కడుపుబ్బ నవ్వారు. మరునాడు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, లేపి, మళ్ళీ కూర్చోబెట్టి ఈనెపుల్లతో కొలిచారు. "ఏడున్నర కూడా లేవు బామ్మర్దీ. పొట్ట మాత్రం అదనంగా ఉండాది" అన్నారు. కప్పు మళ్ళీ తగ్గించి, నా కొలతలతో ఇంకో డ్రైవరును చెక్కారు. అప్పటినుంచి ఆయన ప్రతి కారులోనూ డ్రైవరు నేనే. గూఢచారి కారుకూ నేనే, పోలీసు జీపుకూ నేనే, దొంగల వ్యానుకూ నేనే. నాకు ఈ రోజు దాకా సైకిలు తొక్కడం సరిగా రాదు.

ఆ మొదటి కారును గుడ్డసంచిలో పెట్టుకుని చిత్తూరు బస్సెక్కి కాణిపాకం తీసుకుపోయారు. కొత్త బండికి అక్కడ పూజ చేయించాల్సిందేనని ఆయన పట్టు. నేనూ వెంట వెళ్ళాను. లారీల వరసలో మా సంచి కూడా నిలబడింది. పూజారి గారు నవ్వకుండా బొట్టు పెట్టి, చక్రం కింద పెట్టడానికి నిమ్మకాయ తీశారు. నిమ్మకాయ చక్రం కంటే పెద్దది. బావ జేబులోంచి రేగుపండ్లు తీసి ఇచ్చారు. అంతదాకా ఆలోచించుకునే వచ్చారన్నమాట. "ఇది తొక్కలేదయ్యా" అన్నారు పూజారి గారు. "తొక్కుతాది సామీ, మీరొక చెయ్యెయ్యండి" అన్నారు బావ. పూజారి గారు వేలితో కప్పును నొక్కారు, పండు చితికింది. వెనక లారీవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఇదంతా చూసి, ఆయన బొమ్మలు తీసుకునే అంగడి యజమాని ఒకసారి ఇంటికి వచ్చి నిష్ఠూరమాడాడు. దేవుణ్ణి చెక్కే ఉలితో ఈ ఇనప బండ్లేమిటన్నాడు. "సామికి గరుత్మంతుడుండాడు, అమ్మవారికి ఏనుగుండాది. మనిషికి మాత్రం వాహనం ఉండగూడదా?" అన్నారు బావ. పోనీ వాటినీ అంగట్లో పెడదామా అని అడిగితే, "దేవుణ్ణి అమ్ముతా. బండ్లు అమ్మను" అని తేల్చేశారు. ఆ మాటకు ఊళ్ళో కొందరు నొచ్చుకున్నారు. ఆయన మాట మార్చుకోలేదు.

ఆయనకు ఒకే నియమం, "సూడనిది సెక్కను." కారు వెనకభాగం తెర మీద కనబడేదాకా మొద్దు వెనకవైపు ఉలి తగలనిచ్చేవారు కాదు. ఆయన కార్లన్నీ నలుపు, తెలుపు, బూడిద రంగుల్లోనే ఉంటాయి. మా టీవీలో రంగులు లేవు గనుక. రంగుల టీవీ ఉన్న మా హెడ్మాస్టరు గారు ఆ గూఢచారి కారు ఎర్రటిదని ప్రత్యేకించి వచ్చి చెప్పారు. "మీరు సూసినారు సార్, నేను సూడలేదు" అని వినయంగానే బదులిచ్చి, బూడిదరంగు మీద ఇంకొక పూత వేశారు.

ఇక మైనం సంగతి. విగ్రహానికి అవయవాలన్నీ పూర్తయ్యాకే కళ్ళు తెరవడం శిల్పుల ఆచారం. వెండి సూదితో కనుపాప గీస్తారు. తొలిచూపు తన రూపం మీదే పడేటట్టు ఎదుట అద్దం పడతారు. బావ కార్లకు కూడా అదే పద్ధతి పాటించారు. టార్చి బల్బు గాజుతో దీపాలు చేసి, వాటి మీద మైనం పూసి ఉంచేవారు. అంతా అయ్యాక తలస్నానం చేసి, అదే వెండి సూదితో మైనం గీకి తీసేవారు. అక్క ఎదుట అద్దం పట్టుకునేది. కళ్ళు తెరవని బండి ఆయన దృష్టిలో చెక్కముక్క. దాన్ని అలమారలోకి రానిచ్చేవారు కాదు.

ఆఖరి కారు ఆదివారం ఉదయం సీరియల్లోని డాక్టరుది. ఆయన పోవడానికి ముందు వచ్చిన ఆదివారం ఆ కారు మోరీగోడకు గుద్దుకుంది. దుమ్ము లేచింది, ఆ వారం కథ అక్కడితో ఆపేశారు. ఇప్పుడు దీపాలు పగిలాయా, లేదా? బుధవారం సాయంత్రం మా వాదన దీని గురించే. అంత దెబ్బకు రెండూ పగిలి ఉంటాయని నేను. "ఎడం పక్క తగిలింది. అయినా సూడకుండా నేను సెప్పను, నువ్వూ సెప్పొద్దు. ఆదివారం వస్తాదిలే, సూసి తెరుస్తా" అని ఆయన. ఆదివారం వచ్చింది. ఆయన లేరు.

చావు జరిగిన వాకిట్లో టీవీ పెట్టే ఆచారం ఎక్కడా లేదు. నేనే దాని మీద దుప్పటి కప్పాను. వచ్చినవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. సీరియల్ వేళకు అక్క లేచి మా ఇంట్లోకి వచ్చి, ఆ దుప్పటి లాగింది.

"పెట్టు తమ్ముడా" అంది.

చిత్తూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మ బుగ్గలు నొక్కుకుంది. "కుప్పమ్మా, సచ్చినింట్లో టీవీనా? నలుగురూ ఏమనుకుంటారే?"

"వేడుకకు కాదు పెద్దమ్మా. ఆయప్ప పని మిగిలిపోయుండాది. అది కాకుంటే ఆ బండి చెక్కముక్కే" అంది అక్క.

నేను మీట నొక్కాను. అక్క ఆయన కూర్చునే చోటే, తెరకు అడ్డంగా కూర్చుంది. డాక్టరు ఏడ్చాడు, డాక్టరు భార్య ఏడ్చింది, అక్క వాళ్ళను పట్టించుకోలేదు. చివర్లో మెకానిక్ షెడ్డు ముందు ఆ కారు కనబడింది. "కుడిది ఉండాది. ఎడందే పగిలింది. ఆయప్ప సెప్పిందే రైటు. కట్టెయ్" అని అక్క లేచింది.

స్నానం చేసి వచ్చి, పీట ముందు కూర్చుని, వెండి సూది తీసుకుంది. "అద్దం నువ్వు పట్టు" అంది. కుడి దీపం మీది మైనం పొరలు పొరలుగా లేచిపోయి గాజు మెరిసింది. ఎడమదాని దగ్గర సూది ఆగింది. పగిలిన దీపాన్ని ఎలా చూపించేవారో, గాజు తీసేవారో, గీటు పెట్టేవారో ఆయన ఎవరికీ చెప్పలేదు. "పగిలిందాన్ని సెయ్యడం నాకు రాదు. ఆయప్పకే తెలుసు. అట్లనే ఉండనీ" అని అక్క సూది పక్కన పెట్టింది. అప్పుడు ఏడ్చింది.

ఆ ఎడమ దీపం మీద మైనం ఇక తీయగలవారు లేరు. ఆయన లేని లోటు ఎంతటిదని ఎవరైనా అడిగితే, సమాసాలు వెతుక్కోను, ఆ దీపాన్ని చూపిస్తాను. ఆ మహాశిల్పికి ఈ బామ్మర్ది చేతులెత్తి మొక్కుతున్నాడు.

ఆ ఆదివారం అక్క సూది పక్కన పెట్టేసరికి అద్దం ఇంకా నా చేతిలోనే ఉంది. అందులో ఒంటి దీపం కారు, దాని ముందరి అద్దం వెనక స్టీరింగు పట్టుకుని ఏడున్నర ముఖాల నేను కనబడ్డాం. ఇన్నేళ్ళలో అంత దగ్గరగా ఎప్పుడూ చూసుకోలేదు. ఆ బొమ్మ నవ్వుతోంది. చూడనిది చెక్కని మనిషి ఆయన. మరి నేను ఆయన పక్కన కూర్చున్నంత కాలం అలాగే నవ్వుతూ ఉండి ఉంటాను.