మిగులు రంగుల గోడ

మా నాన్న చివరిగా చేసిన పని ఒక రంగుడబ్బా మూత బిగించడం. స్క్రూడ్రైవర్ పిడితో అంచు చుట్టూ తట్టి, డబ్బా ఊపి చూసి, ఇందులో ఇంకా బోలెడుందని అమ్మతో చెప్పి, కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్ళాడు. మళ్ళీ లేవలేదు.

ఆయన ఇళ్ళకు రంగులు వేసేవాడు. ఏ ఇంట్లో పని ముగిసినా, వాళ్ళు వద్దన్న అడుగు రంగు మా ఇంటికి చేరేది. వెనక గదిలో మంచం కింద ఆ డబ్బాలన్నీ క్రిస్మస్ దాకా కాచుకుని ఉండేవి.

చెట్టూ, నక్షత్రమూ, కేకూ మాకూ ఉండేవి. కానీ మా ఇంట్లో అసలు పండగ గోడది. పండగ ముందు నాన్న డబ్బాల మూతలన్నీ తీసి, మధ్యలో బకెట్టు పెట్టేవాడు. పిల్లలం వయసు వరసన వచ్చి, ఎవరికి నచ్చిన డబ్బాలోంచి వాళ్ళు ఒక గరిటెడు తీసి అందులో పోయాలి. తర్వాత అమ్మ, చివర నాన్న. కలిపితే ఏ రంగు వస్తే ముందుగది గోడకు అదే. బాగా రాలేదని ఇంకో గరిటె పోయడం కుదరదు. పండగ భోజనం దగ్గర ఆ రంగుకు పేరు పెట్టాలి. ఒక ఏడు ‘తడిసిన ఏనుగు’, ఇంకో ఏడు ‘జ్వరం మాత్ర’. ఒకసారి అమ్మ పెట్టిన పేరు ‘మీ నాన్న మొండితనం’.

లోకానికంతా రంగులేస్తావు, నీ గోడకేమిటయ్యా ఈ తెగులు అని వీధిలో ఆటపట్టించేవారు. ఈ రంగు ఏ కొట్లోనూ దొరకదు, కావాలంటే నా పిల్లల్ని అద్దెకు తీసుకెళ్ళు అనేవాడు నాన్న.

ఒక ఏడు అక్క, తాను పెళ్ళి చేసుకోవాలనుకున్న అబ్బాయిని పండగ భోజనానికి పిలిచింది. వాళ్ళింటి గోడలు మీగడలా ఉంటాయట. ఈ ఒక్కసారికి తెల్లరంగు వెయ్యమని, ఈ సంబంధం చెడితే నీ గోడే కారణమని ఏడ్చింది.

“గోడ చూసి వెనక్కెళ్ళేవాడైతే వెళ్ళనీవే. పెళ్ళయ్యాక నీ మొహం చూసి వెళ్ళేకంటే నయం” అన్నాడు నాన్న.

అక్క ఆయనతో మాటలు మానేసింది. ఆయన పక్కనే కూర్చుని, అన్నం వడ్డించానని ఆయనకు చెప్పమ్మా అనేది.

రంగు కలిపే రోజు ఆమె రాదనుకుని నేను గరిటె అందుకున్నాను. విసురుగా వచ్చి లాక్కుంది.

“పెద్దదాన్ని నేనుండగా మొదటి గరిటె నీదెలా అవుతుంది?”

అన్నిటికంటే ముదురు రంగు ఎంచి, పొర్లేంత తీసి పోసింది. అందరివీ కలిపాక కుళ్ళిన వంకాయ రంగు తేలింది. నాన్న దాన్నే గోడకు పట్టించాడు.

పండగనాడు ముసురు. గోడ సరిగ్గా ఆరలేదు. భోజనం మధ్యలో, అమ్మ అడిగినదానికి జవాబు చెబుతూ ఆ అబ్బాయి వెనక్కి ఆనాడు. తెల్ల చొక్కా వీపంతా వంకాయ. అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు. అతను మెడ తిప్పి భుజం చూసుకున్నాడు. మా ఆనవాయితీ అక్క చెప్పే ఉంటుంది.

“దీనికి పేరు పెట్టారా?” అన్నాడు.

“ఇంకా లేదు. నువ్వే పెట్టు బాబూ” అన్నాడు నాన్న.

“మామగారి ముద్ర.”

అప్పటికి పెళ్ళి మాట ఎవరూ ఎవరినీ అడగలేదు. అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది.

“రంగు ఆరకముందే వరస కలిపేశాడే!” అన్నాడు నాన్న. ఆ మరుసటి క్రిస్మస్ నుంచి బావకూ ఒక గరిటె వచ్చింది.

నాన్నతో కలిసి పనిచేసిన ఆయన్ని మేం నిచ్చెన మామయ్య అనేవాళ్ళం. నాన్న అంత్యక్రియలయ్యాక ఆయన మా పక్కన కూర్చుని ఒక సంగతి చెప్పాడు. అక్క ఏడ్చిన మర్నాడే నాన్న పెద్ద డబ్బాడు తెల్లరంగు కొని, మామయ్య వాళ్ళింట్లో దాచాడట. పిల్ల ఇంకొక్కసారి అడిగితే వేసేస్తానురా అన్నాడట.

అక్క మళ్ళీ అడగలేదు. పండగ వెళ్ళాక ఆ తెలుపు మామయ్య వాళ్ళ వంటింటికి వేశారు. ఆ వంటింట్లో కూర్చుని అక్కా నేనూ ఎన్నిసార్లు అన్నం తిన్నామో.