రూటరు కోసం మడి కట్టిన రోజు

ఒక్క నొక్కుడుతో కడపలో ఓ బండల వ్యాపారిని లోకం నుంచి వెలివేసిన ఘనుణ్ణి నేను. నవ్వకండి అనను. నవ్వడానికే చెబుతున్నాను.

నెట్‌వర్కింగ్ కోర్సు ముగించి అప్పటికి రెండు నెలలు. నా నడక మాత్రం ఇంటర్నెట్‌ను కనిపెట్టినవాడి నడక. ఆ బండల వ్యాపారి, నాగయ్యశెట్టి, పిలిపించాడు. కింద ఆయన ఆఫీసు, పైన ఇల్లు, రెండింటికీ వైర్లతో ఒకటే రూటరు. పైన ఆయన భార్య వ్రతకథ ప్రింటుకిస్తే కింద ఆఫీసు ప్రింటరులో పడుతోంది.

"మొన్న బెంగళూరు పార్టీ ఫోన్ చేసినాడప్పా. 'కొటేషన్ రెండో పేజీలో బ్రాహ్మణుడు అడివికి పోయినాడు, మా బండలు యాడికి పోయినాయి?' అంటాండాడు. ఆఫీసును వేరు చెయ్యి. రెండు గంటలకల్లా కాలేజీ బండల టెండరు పంపల్ల, జాగ్రత్త."

"పది నిమిషాల పనన్నా!"

ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని కంప్యూటర్లకు వేరే నంబర్ల వరస ఇచ్చాను. ఆపైన ఆఫీసు నుంచి ఇంటివైపు ఏదీ పోకూడదని నిబంధన పెట్టాలి. నేను 'ఇంటివైపు'కు బదులు 'ఎటువైపైనా' ఎంచుకుని సేవ్ నొక్కాను. ఇంటర్నెట్ పోయింది. దిద్దుకుందామంటే రూటరు పేజీ కూడా తెరుచుకోలేదు. లోపల గొళ్లెం పెట్టి, తాను బయట నిలబడ్డవాడిలా ఉంది నా పరిస్థితి.

"ఏమప్పా, నెట్ రాలేదే?"

"వేరు చేసినా కదన్నా."

"ఇంటినుంచి చెయ్యమంటిని. భూమ్మీద నుంచి చేస్తివా?"

ఇక ల్యాప్‌టాప్‌కు ఇంటివైపు వైరు తగిలించుకుంటేనే ఆ పేజీ తెరుచుకునేది. రూటరేమో పైన, పూజగదిలో, దేవుడి పటాల పక్కన. గడపలో శెట్టి తల్లి, ఆ ఇంటి అవ్వ, అడ్డంగా నిలబడింది.

"ఆగు! స్నానం చేసినావా?"

"పొద్దున చేసినానవ్వా."

"ఆ ప్యాంటు చేసినాదా?"

రెండు బిందెల నీళ్లు నెత్తిన పోసుకున్నాను. శెట్టిగారి పంచె తడిపి చుట్టుకుంటే నా చుట్టూ మూడు సార్లు తిరిగింది. ల్యాప్‌టాప్‌ మీద కూడా నీళ్లు చిలకరిస్తానంది అవ్వ. దాన్ని పసిబిడ్డలా పొట్టకు హత్తుకున్నాను.

"ఒకటీ ముప్పావు!" మెట్ల మీంచి శెట్టి కేక.

అగరొత్తుల పొగలో కళ్ల నీళ్లు కారుతుండగా, పంచె జారకుండా ఓ చేత్తో పట్టుకుని, మరో చేత్తో నిబంధన దిద్దాను. నెట్ వచ్చింది. రెండుకు అయిదు నిమిషాలుండగా టెండరు వెళ్లింది. వ్రతకథా, కొటేషనూ కూడా వేరయ్యాయి. గెలిచానని గుండె ఉప్పొంగింది.

అవ్వ ప్రసాదం చేతిలో పెట్టి అంది: "పోయినసారి వచ్చిన ఆయప్ప వాకిట్లోనే నిలబడి, ఆ డబ్బా వెనక బొక్కలో పిన్నీసు పొడవమని నాకే చెప్పె. పొడిస్తి. గమ్మున నెట్ వచ్చె."

"ముందే చెప్పొచ్చు కదవ్వా! ఆ పోటుతోనే నా తప్పు చెరిగిపోయుండేది!"

"నువ్వు అడిగితివా నాయనా? ఇంత తొందరగా నీళ్లు పోసుకుంటాంటే, దేవుడంటే శానా భక్తేమో అనుకుంటి."

పాఠక మహాశయులారా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ రూటరు ముందు కూర్చున్నా, ఆ ఇంటి అవ్వను సంప్రదించనిదే సేవ్ నొక్కను.