క భాష నాన్నకీ వచ్చు

"ఈ సందేశం ఇంకెవరూ చదవలేరు" అని ఫోన్ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. గుర్తుందా, ప్రతి అక్షరం ముందూ 'క' పెట్టి మాట్లాడుకునే మన క భాష? పెద్దాళ్లకి అర్థం కాదని ఎంత ధీమానో!

కోడూరులో కరెంటు లేని మా పెంకుటింట్లో నాన్న అన్నం తింటుంటే, ఆయన ఎదురుగానే అక్క నాతో అంది: "కరే కపు కఅ కత కని కతో కవె కళ్లి కపో కతా." రేపు అతనితో వెళ్లిపోతా అని.

నాన్న కంచం గోడకేసి కొట్టాడు. చేపల పులుసు గోడంతా కారింది. అక్కని జుట్టు పట్టి ఈడ్చి, "కఎ కవ కడే?" అన్నాడు. ఎవడే అని, మన భాషలోనే! కిటుకు తెలిస్తే ఎవరైనా తీసేసే తాళం అది. ఆయనా చిన్నప్పుడు మాట్లాడిన భాషేగా!

చర్నాకోల కర్ర విరిగేదాకా కొట్టాడు. అక్క నోట్లోంచి నెత్తురొచ్చింది గానీ, పేరు రాలేదు.