గుంత పక్కన సౌజన్యం

పోతిరెడ్డిపల్లి దగ్గర మా కాలనీ ముందు హైవే అంచున చెత్త ఏరే పని మా వాకింగ్ సంఘం ఒప్పుకుంది. బదులుగా అక్కడ ఒక గుర్తింపు బోర్డు పెట్టుకోవచ్చని హైవే ఆఫీసువాళ్లు అనుమతి ఇచ్చారు. బోర్డు ఖర్చు సంఘం అధ్యక్షుడిది. ఆయనకు సిమెంటు దుకాణం ఉంది; అందరం సేటు అంటాం.

"నా పేరు పెండ్లి కార్డు మీద తప్ప యాడ అచ్చు కాలే సార్. హైవే మీద ఒక్కసారి చూసుకోవాలె," అన్నాడు నాతో.

నిబంధనల కాగితం చదివే బాధ్యత నాది. దాత పేరు ఉండవచ్చు, ఫొటో ఉండరాదు. మలుపులో, కూడలిలో, దారి చూపే బోర్డుల దగ్గర పెట్టరాదు. టేపు పట్టుకుని ఉదయమంతా తిరిగాను. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు మాత్రం ఏ కాగితమూ చదవకుండా ప్రతి మలుపులోనూ నవ్వుతున్నాయి. మాకు అన్ని విధాలా సరిపోయే చోటు ఒక్కటే దొరికింది. దాని ముందు రోడ్డులో పెద్ద గుంత. గుంతల గురించి కాగితంలో ఏమీ లేదు.

"ఈ రోడ్డు పరిశుభ్రత" అని రాయమన్నాను. పరిశుభ్రత పొడుగాటి మాట, దానివల్ల తన పేరు చిన్నదైపోతోందని సేటు దాన్ని తీయించాడు. చివరికి "ఈ రోడ్డు" అని పైన, సేటు పేరు మధ్యలో, "సౌజన్యంతో" అని కింద మిగిలాయి.

మొదటి వానకే గుంత నిండింది. రుద్రారం వైపు పోతున్న ఇద్దరు కాలేజీ పిల్లలు బైకు మీంచి జారిపడి, లేచి, బోర్డు చదివి, నేరుగా దుకాణానికి వచ్చారు.

"అంకుల్, రోడ్డు మీరే ఏసిండ్రట గద. గిట్ల ఏస్తరా?"

"నేనేడ ఏసిన బిడ్డా! మేం చెత్త ఏరుతం, గంతే."

"మరి సౌజన్యం అని గంత పెద్దగ రాసుకున్నరు?"

వారం తిరక్కుండా బేరానికి వచ్చిన మేస్త్రీ కూడా, "గా రోడ్డుకు కలిపిన సిమెంటైతే నాకొద్దు సేటూ," అని నవ్వి వెళ్లిపోయాడు. ఆ మాట సేటుకు గట్టిగా తగిలింది.

తన సిమెంటుతోనే గుంత పూడుస్తానని ఆఫీసుకు వెళ్లాడు. నేనూ వెంట ఉన్నాను. రోడ్డును ముట్టుకునే అధికారం మీకు లేదన్నారు. పోనీ బోర్డు తీసేస్తామంటే, ఒప్పందం గడువు ముగిసేదాకా తీయడానికీ వీల్లేదన్నారు. కప్పకూడదని మాత్రం ఎక్కడా లేదని నేను కాగితం చూసి చెప్పాను. సేటు ఆ సాయంత్రమే బోర్డుకు తెల్లబట్ట చుట్టించి తాడు కట్టించాడు.

మరునాడు మేం వాకింగ్‌కు వెళ్తుంటే ఇడ్లీబండి ఆమె కేకేసింది. "బోర్డుకు బట్ట గప్పిండ్రు, ఓపెనింగ్ ఎప్పుడు సేటూ? మంత్రి వస్తుండా?"

సేటు నడక ఆపి, చొక్కా సర్దుకున్నాడు.

"ఇంక డేటు ఇయ్యలేదమ్మా."