ఇంగ్లీషు కారు, జపాను తోడల్లుడు

నాకు జపాను దేశమంటే గిట్టదు. ఆ దేశం నేను చూసిందీ లేదు, అక్కడివాళ్ళు నాకు చేసిన అపకారమూ లేదు. అయినా గిట్టదు. ఇదంతా మా తోడల్లుడి మూలాన వచ్చింది.

అవి సాగర్ డ్యామ్ కడుతున్న రోజులు. నరసరావుపేటలో నాకొక పాత ఇంగ్లీషు కారుండేది. బాడుగకు తిప్పేవాణ్ణి, రిపేర్లూ నేనే చేసుకునేవాణ్ణి. మా ఆవిడ చెల్లెలి మొగుడు అప్పటికి పనీపాటా లేకుండా ఉన్నాడు. వినుకొండ మిషన్ బడిలో పంతులుగా చేసే మా మామగారు అల్లుళ్ళిద్దరినీ కూర్చోబెట్టి తీర్పు చెప్పేశారు. "కారు పెద్దోడిది, కష్టం చిన్నోడిది. వచ్చేదాంట్లో చెరిసగం. నీ తమ్ముడే అనుకుని పని నేర్పు నాయనా." సరే, నేర్పాను.

ఒకరోజు డ్యామ్ ఇంజనీరు ఒకాయన్ని మాచర్ల తీసుకెళ్తున్నాం. వాడు స్టీరింగ్ దగ్గర, నేను పక్కన. వెనక సీట్లోంచి ఇంజనీరుగారు, "ఈ ఇంగ్లీషు కార్లు ఇప్పుడు జపానులోనూ చేస్తున్నారు, తెలుసా?" అన్నారు. అక్కడి కంపెనీ ఒకటి ఇంగ్లీషు కంపెనీతో ఒప్పందం రాసుకుందట. మొదట్లో విడిభాగాలన్నీ పెట్టెల్లో ఓడ దిగేవి, జపానువాళ్ళు బిగించేవాళ్ళట. తర్వాత ఒక్కొక్కటే సొంతంగా పోతపోసుకుంటూ, చివరికి కారంతా వాళ్ళే చేసేస్తున్నారట. ఇంకో జపాను కంపెనీకి ఫ్రెంచివాళ్ళతో ఇదే వరసట.

"మరి నేర్పినోడి గతేందండీ?" అన్నాను.

"ఒప్పందం ఉన్నన్నాళ్ళూ ఫీజు. ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది" అని నవ్వారాయన.

మావాడు శ్రద్ధగా విన్నాడు. ఆ వినడం నాకు నచ్చలేదు.

అప్పటికే నాకు కడుపు మండుతోంది. బాడుగకు వచ్చేవాళ్ళు "చిన్నాయన తోలితేనే ఎక్కుతాం, కుదుపుండదు" అని మొహం మీదే అనేవాళ్ళు. క్రిస్మస్‌కు వినుకొండ వెళ్తే అత్తగారు కోడికాలు పెద్దల్లుడికి వడ్డించడం ఆనవాయితీ. ఆ ఏడు అది వాడి విస్తట్లో పడింది. "చిన్నబ్బాయి చానా కష్టపడతన్నాడు గదా" అందావిడ. నాకు మెడముక్క!

పులికి అన్నీ నేర్పిన పిల్లి చెట్టెక్కడం మాత్రం నేర్పలేదు. నేను టైమింగ్ దాచుకున్నాను. పెట్రోలుకు నిప్పురవ్వ ఏ క్షణాన తగలాలో డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పి కుదర్చడమన్నమాట. అది తప్పిందంటే బండి దగ్గి దగ్గి ఆగిపోతుంది. ఆ పని పడ్డప్పుడల్లా "ఒరేయ్, టీ పట్రా పో" అని చేతికి చెంబిచ్చి తరిమేవాణ్ణి. వాడొచ్చేసరికి బానెట్ మూసేసేవాణ్ణి. చచ్చినా చెప్పకూడదనుకున్నాను.

నిజంగానే చచ్చేదాకా వచ్చింది. మాచర్లలో చుట్టాల పెళ్ళికి వెళ్ళినచోట నాకు కడుపులో పోటు పట్టుకుంది. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. తోడల్లుడు కారు తోలుతుంటే, వెనక సీట్లో మా ఆవిడ ఒళ్ళో తలపెట్టి మెలికలు తిరుగుతున్నాను. గురజాల దాటాక ఆ గతుకుల రోడ్డు మీద కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

వాడు బానెట్ ఎత్తి చూసి, నా దగ్గరికొచ్చాడు. "అన్నా, టైమింగ్ కదిలింది. నువ్వు చెప్తా ఉండు, నేను చేస్తా."

చెప్పాలా వద్దా అని ఆలోచించాను. అవును, ఆ నొప్పిలో కూడా.

"చెప్పవేందయ్యా! పాణం మీదికొస్తే ఇంకా దాపరికాలేంది?" అని మా ఆవిడ అరిచింది.

ఇద్దరూ కలిసి నన్ను లేపి బానెట్ పక్కన నిలబెట్టారు. చెప్పడం మొదలుపెట్టాను. "ఆ బోల్టు వదులు చెయ్" అనేలోపే స్పానర్ దాని మీదుంది. "ఎడమకి" అనబోతుంటే ఎడమకే తిరిగింది. "ఇంకెంత అన్నా?" అని అడుగుతూనే సరిగ్గా ఆగాల్సిన చోట ఆపాడు. నా మాట కన్నా వాడి చెయ్యి ముందుంది. ఎప్పుడు నేర్చాడో, ఎవరి దగ్గర నేర్చాడో! అన్నీ తెలిసే ఇన్నాళ్ళూ చెంబు పట్టుకుని టీకి పోయాడు, వెధవ!

స్టార్టింగ్ హ్యాండిల్ కొట్టాడు. బండి లేచింది. గుంటూరులో ఆపరేషన్ చేసి నన్ను బతికించారు.

తర్వాతి క్రిస్మస్‌కు వాడు అందరి ముందూ, "అన్న చెప్పబట్టి బండి కదిలింది, లేకపోతే నాకేం తెలుసు" అన్నాడు. అత్తగారు మురిసిపోయి కోడికాలు తెచ్చి నా విస్తట్లో వేసింది. అది నా గొంతు దిగితే ఒట్టు.

జపానువాళ్ళు ఒప్పందం గడువు తీరగానే సొంత కార్లు చేసుకున్నారని తర్వాత విన్నాను. ఇంగ్లీషువాడు అదృష్టవంతుడు. మావాడు కూడా అట్లా పోయుంటే హాయిగా తిట్టుకుంటూ బతికేవాణ్ణి. పోలేదు.

పండగ తర్వాత, కుట్లు పూర్తిగా మానాక కారు షెడ్డుకెళ్ళి బానెట్ ఎత్తాను. టైమింగ్ చూడాలి. నేను నోరు తెరవకముందే వాడు చెంబు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు.

"ఎక్కడికిరా?"

"టీకి అన్నా."

వాడి మొహంలో ఎగతాళి కోసం వెతికాను. మచ్చుకైనా లేదు.

"పో" అన్నాను. "పంచదార ఎక్కువ వెయ్యమను."